క్యాంపర్ వ్యాన్ లిథియం బ్యాటరీ పూర్తిగా దిగిపోయి సున్నా చూపిస్తోంది: మళ్లీ నిలబెట్టవచ్చా?

భీమిలి బాటసారి:

సభ్యులందరికీ నమస్కారం. మా వ్యాన్‌లో 12.8 వోల్టుల, 200 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఎల్ఎఫ్‌పీ) బ్యాటరీ ఉంది. పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు, వాటి కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సర్దే ఎంపీపీటీ కంట్రోలర్, ఇంజిన్ నడిచేటప్పుడు ఛార్జ్ కావడానికి డీసీ-డీసీ ఛార్జర్, ఇంటి కరెంటుతో ఛార్జ్ చేసుకోవడానికి 20 ఆంపియర్ల ఛార్జర్ అమర్చి ఉన్నాయి. వానాకాలం మొదట్లో వ్యాన్‌ను మధురవాడలోని బంధువుల రేకుల షెడ్డులో పెట్టి, మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి వచ్చాం. అక్కడ ప్యానెళ్ల మీద ఎండ పడే వీలు లేదు. అరకు ప్రయాణానికి సిద్ధం చేద్దామని ఇప్పుడు తీసి చూస్తే ఫ్రిజ్ తిరగడం లేదు, లైట్లు వెలగడం లేదు. బ్యాటరీ టెర్మినళ్ల మధ్య మల్టీమీటర్ పెడితే 0.4 వోల్టులు చూపిస్తోంది. ఛార్జర్ తగిలిస్తే దాని పచ్చ దీపం వెలుగుతోంది గానీ కరెంటు ఏమీ వెళ్లడం లేదు.

దుకాణంలో అడిగితే బ్యాటరీ చచ్చిపోయింది, కొత్తది వేసుకోవలసిందే అన్నారు. మాకు తెలిసిన మెకానిక్ ఒకరు, వ్యాన్ ఇంజిన్ స్టార్ట్ చేసి జంపర్ కేబుళ్లతో స్టార్టింగ్ బ్యాటరీకి కలిపేస్తే అదే లేచి కూర్చుంటుందని చెబుతున్నారు. ఈ రెండింటిలో ఏది వినాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను. వారంటీ గడువు ఎప్పుడో దాటిపోయింది.

ఆటోనగర్ వైరింగ్:

బాటసారి గారూ, ప్రస్తుతానికి రెండూ పక్కన పెట్టండి. టెర్మినళ్ల దగ్గర కనిపించే 0.4 వోల్టులు సెల్స్‌లో ఉన్న వోల్టేజీ కానే కాదు. మీ డబ్బాలో 3.2 వోల్టుల సెల్స్ నాలుగు వరుసగా ఉంటాయి. వాటికీ బయటి టెర్మినళ్లకీ మధ్య బీఎంఎస్ అనే కాపలా బోర్డు ఉంటుంది. ఏ ఒక్క సెల్ అయినా దాదాపు 2.5 వోల్టులకు దిగితే ఆ బోర్డు లోపలి మాస్‌ఫెట్‌లు అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లను ఆపేసి బయటికి దారి మూసేస్తుంది. మీ మీటరు చూపిస్తున్నది ఆ మూసిన తలుపు సందులోంచి కారే కొద్దిపాటి వోల్టేజీ. ఇక చాలా ఛార్జర్లు అవతల కొంత వోల్టేజీ కనిపిస్తేనే పని మొదలుపెడతాయి. తీగలు తిరగబడి కలిపినా, ఏమీ కలపకపోయినా ప్రమాదం జరగకూడదని వాటిని అలా తయారు చేస్తారు. మీ ఛార్జర్ ఊరుకోవడానికి కారణం అదే.

కాబట్టి ముందుగా మూత తెరిచి ఒక్కో సెల్‌ను విడివిడిగా కొలవండి. మూత మరలతో బిగించినదైతే తేలికగానే వస్తుంది. చేతి ఉంగరాలు, వాచీ, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి. సెల్స్ ఖాళీగా ఉన్నట్టు కనిపించినా, అంత పెద్ద సెల్ రెండు కొనలకూ స్పానర్ తగిలితే ఇనుము ఎర్రబడేంత కరెంటు వస్తుంది.

సీతమ్మధార సోలార్:

మా వ్యాన్‌లో ఒకసారి ఇదే పరిస్థితి వచ్చినప్పుడు బండిని ఎండలోకి తెచ్చి నిలబెడితే సోలార్ కంట్రోలరే బ్యాటరీని లేపింది. లిథియం బ్యాటరీని మేల్కొలిపే సదుపాయం ఉన్న ఛార్జర్లు కూడా దొరుకుతున్నాయి. ముందు అది ప్రయత్నించి చూడండి.

ఆటోనగర్ వైరింగ్:

అది ప్యానెళ్ల వైపు నుంచి కరెంటు తీసుకుని పని మొదలుపెట్టగల కంట్రోలర్లకే సాధ్యం. చాలా కంట్రోలర్లు బ్యాటరీ వైపు నుంచే మేల్కొంటాయి, బ్యాటరీ లేకుండా ప్యానెళ్లను కలపవద్దని వాటి పుస్తకంలోనే రాసి ఉంటుంది. పైగా, మీ బండి కొద్ది రోజులే ఆగి ఉంటుంది, వీరిది వానాకాలమంతా చీకట్లో ఉంది. సెల్స్ ఎంత దిగాయో చూడకుండా ఎండలో పెట్టమని నేను చెప్పలేను.

పాలిటెక్నిక్ మాస్టారు:

ఆటోనగర్ వారు చెప్పినది అక్షరాలా పాటించండి. జంపర్ కేబుళ్ల మాట ఎందుకు వద్దో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ సలహా మన ఊళ్లో చాలామంది నోట వినిపిస్తుంది.

స్టార్టింగ్ బ్యాటరీ విశ్రాంతిలో దాదాపు 12.7 వోల్టుల దగ్గర ఉంటుంది, ఇంజిన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ దాన్ని 14 దాటిస్తుంది. మీ లిథియం సెల్స్ నాలుగూ కలిపి ఏ పది వోల్టుల దగ్గరో ఉన్నాయనుకోండి. మధ్యలో తేడా మూడు, నాలుగు వోల్టులే అనిపిస్తుంది గానీ, రెండు బ్యాటరీల లోపలి నిరోధం, కేబుళ్ల నిరోధం కలిపినా కొన్ని మిల్లీ ఓమ్‌లకు మించదు కనుక వందల ఆంపియర్లు ఒక్కసారిగా దూసుకుపోతాయి. బీఎంఎస్ డిశ్చార్జిని ఆపినప్పుడు కూడా ఛార్జింగ్ దిశలో కరెంటు లోపలికి వెళ్లడానికి సాధారణంగా దారి ఉంటుంది. ఆ ప్రవాహాన్ని తట్టుకోలేక బోర్డు కాలిపోవచ్చు, లేదా నాలుగింటిలో బాగా దిగిన సెల్ దెబ్బ తినవచ్చు.

అసలు ప్రశ్న, సెల్ ఎంత లోతుకు దిగింది, అక్కడ ఎంతకాలం ఉంది అన్నది. లిథియం సెల్‌లో రుణ ధ్రువం గ్రాఫైట్, దాన్ని పూసేది పల్చని రాగి రేకు మీద. సెల్ మామూలు హద్దులో ఉన్నంతవరకు ఆ రాగికి ఏమీ కాదు. సెల్‌ను మరీ లోతుకు దించేస్తే రుణ ధ్రువం పొటెన్షియల్ పెరిగి, రాగి కొద్దికొద్దిగా ఎలక్ట్రోలైట్‌లో కరగడం మొదలవుతుంది. తర్వాత మనం ఛార్జ్ పెట్టినప్పుడు ఆ కరిగిన రాగి మళ్లీ లోహంగా పేరుకుంటుంది, అయితే రేకు మీద చదునుగా కాకుండా ఎక్కడపడితే అక్కడ సన్నని ముళ్లలాగా. ఆ ముల్లు రెండు ధ్రువాలనూ వేరుచేసే సెపరేటర్ పొరను గుచ్చిందంటే సెల్ లోపలే షార్ట్. అది ఆ రోజే బయటపడకపోవచ్చు. బాగా ఛార్జ్ అయి, ఎండకు వేడెక్కి, వ్యాన్ కొండ దారిలో కుదుపులు తింటున్నప్పుడు బయటపడవచ్చు.

ఎల్ఎఫ్‌పీ సెల్ 2.5 వోల్టుల పైన ఉంటే భయపడనక్కరలేదు. 2 నుంచి 2.5 మధ్య ఉంటే చాలా తక్కువ కరెంటుతో, కళ్లెదుట ఉంచుకుని లేపవచ్చు. 2 కంటే కిందికి పోతే సందేహించాలి. 1.5 కింద వారానికి పైగా ఉన్న లిథియం సెల్‌ను మళ్లీ లేపి వాడవద్దన్నది ఈ పనిలో ఉన్నవారు చాలామంది పాటించే నియమం. కొలతలు తీసి ఇక్కడ పెట్టండి, అప్పుడు మాట్లాడుకుందాం.

భీమిలి బాటసారి:

మాస్టారూ, మూత తీశాను. ధన ధ్రువం వైపు నుంచి వరుసగా 2.91, 2.88, 1.37, 2.90 వోల్టులు. ఏ సెల్ ఉబ్బలేదు, వాసన లేదు, ద్రవం కారిన మరక లేదు. మూడో సెల్‌ను నాలుగో సెల్‌తో కలిపే లోహపు పట్టీ (బస్‌బార్) కింద మాత్రం ఆకుపచ్చని పొడి పేరుకుని ఉంది. గోరుతో గీకితే రాలుతోంది. ఆ నట్టు చేత్తోనే పావు వంతు తిరిగింది.

ఛార్జ్ ఎలా పోయిందో కూడా తెలిసింది. వ్యాన్ లోపలి పనులు చేసినవారు గ్యాస్ లీకేజీ అలారానికి తీగను మెయిన్ స్విచ్‌కు ముందే, నేరుగా బ్యాటరీ నుంచి తీశారు. దాన్ని విడదీసి వేరే 12 వోల్టుల సప్లైతో నడిపి చూస్తే 70 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటోంది.

ఆటోనగర్ వైరింగ్:

లెక్క సరిపోయింది. 70 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు దాదాపు 1.7 ఆంపియర్ అవర్లు. మీరు సగం ఛార్జ్‌తో పెట్టి వెళ్లి ఉంటే రెండు నెలల్లో ఆ 100 ఆంపియర్ అవర్లూ ఖాళీ. అక్కడ బీఎంఎస్ బయటికి దారి మూసింది గానీ, తాను బతకడానికి తినే కరెంటు మాత్రం సెల్స్ నుంచే తీసుకుంటుంది. బోర్డు 20 మిల్లీ ఆంపియర్లు తింటే నెలకు మరో 14 ఆంపియర్ అవర్లు. బీఎంఎస్ ఉంది కదా, అదే చూసుకుంటుంది అని నమ్మేవారు తప్పకుండా తెలుసుకోవలసిన సంగతి ఇది. కాపలావాడు తలుపు వేస్తాడు, లోపల భోజనం మాత్రం చేస్తూనే ఉంటాడు.

ఇక ఆ పచ్చపొడి. సముద్రం పక్కన తిరిగే బండ్లన్నిటిలో ఇదే చూస్తున్నాను. ఉప్పుగాలికి రాగి లగ్గు, బస్‌బార్ పచ్చబడతాయి, అతుకు నిరోధం పెరుగుతుంది. సెల్ వోల్టేజీని కొలిచే బీఎంఎస్ సెన్స్ తీగ ఆ బస్‌బార్ అవతలి కొన దగ్గర ఉందేమో చూడండి. అలా ఉంటే ఛార్జ్ అయ్యేటప్పుడు ఆ అతుకులో పడే వోల్టేజీ కూడా మూడో సెల్ ఖాతాలోనే పడుతుంది. సెల్ నిండిందని బోర్డు పొరపడి, బ్యాలెన్సింగ్ (సెల్స్‌ను సమం చేయడం) పేరుతో దాని ఛార్జ్‌నే కరిగిస్తూ వస్తుంది. మూడో సెల్ మిగతావాటికంటే ముందే ఖాళీ కావడానికి ఇది కారణం కావచ్చు.

భీమిలి బాటసారి:

అవును, సెన్స్ తీగ అవతలి కొనకే ఉంది.

ఉప్పుగాలి:

మీ అందరి కంటే నాకు సాంకేతిక జ్ఞానం తక్కువే అయినా ఒక మాట చెప్పాలి. మా వ్యాన్‌లో బ్యాటరీ పెట్టె పిల్లలు పడుకునే మంచం కిందే ఉంటుంది. చాలా వ్యాన్లలో స్థలం అక్కడే దొరుకుతుంది. 1.37 వోల్టుల దగ్గర వారాల తరబడి పడి ఉన్న సెల్‌ను లేపి, దాని మీద పిల్లల్ని పడుకోబెట్టడానికి నేను ఒప్పుకోను. ఎల్ఎఫ్‌పీ మిగతా రకాల కంటే నిలకడైనదని నాకూ తెలుసు. కానీ లోపల షార్ట్ అయి వేడెక్కితే అందులోంచి వచ్చే వాయువు కూడా మండేదే, పీల్చకూడనిదే. బాటసారి గారూ, మిగతా మూడింటి సంగతి ఎలా ఉన్నా ఆ ఒక్కదాన్ని వదిలేయండి.

పాలిటెక్నిక్ మాస్టారు:

అమ్మా, మీరు చెప్పినదే సరైన ముగింపు అయ్యే అవకాశం ఎక్కువ. అయినా మూడో సెల్‌కు ఒక పరీక్ష పెట్టమని బాటసారి గారికి చెబుతాను. మళ్లీ వాడడానికి కాదు, అది ఏ స్థితిలో ఉందో కళ్లారా చూసి నిర్ణయించుకోవడానికి. అది కూడా వ్యాన్‌లో గానీ ఇంట్లో గానీ వద్దు. ఆరుబయట, సిమెంటు గచ్చు మీద, పక్కన పొడి ఇసుక బకెట్ పెట్టుకుని చేయాలి.

బస్‌బార్లు తీసి, బీఎంఎస్ కనెక్టర్ ఊడదీసి, నాలుగు సెల్స్‌నూ వేరు చేయండి. ఇప్పుడు కాపలా బోర్డు లేదు కనుక ఆ కాపలా మీరే. బెంచ్ పవర్ సప్లైని సెల్‌కు తగిలించకముందే 3.0 వోల్టులకు, 2 ఆంపియర్లకు అమర్చండి. 200 ఆంపియర్ అవర్ల సెల్‌కు అది నూరో వంతు, చాలా నెమ్మదైన ఛార్జ్. తగిలించాక మొదటి గంట అక్కడి నుంచి కదలవద్దు. ఆరోగ్యంగా ఉన్న సెల్ 1.37 నుంచి 2.5 వరకు చకచకా ఎక్కుతుంది, ఎందుకంటే ఆ లోతులో నిల్వ ఉండే ఛార్జ్ చాలా తక్కువ. ఎక్కకుండా మొరాయించినా, చేతికి వెచ్చగా తగిలినా, పొట్ట ఉబ్బుతున్నట్టు కనిపించినా వెంటనే ఆపండి.

3.0కి చేరి కరెంటు దాదాపు సున్నాకు పడిపోయాక తీగలు తీసేసి ఊరికే వదిలేయండి. అసలు పరీక్ష ఇక్కడే ఉంది. ఛార్జ్ ఆపగానే ఏ సెల్ అయినా కొంత కిందికి సర్దుకుంటుంది. ఆ సర్దుబాటు మొదటి కొన్ని గంటల్లో వేగంగా సాగి, తర్వాత నిలిచిపోతుంది. లోపల లీకేజీ ఉన్న సెల్ మాత్రం ఆగకుండా దిగుతూనే ఉంటుంది. ఈ పరీక్షను 3.3 వోల్టుల దగ్గర చేసి మోసపోవద్దు. ఎల్ఎఫ్‌పీ వోల్టేజీ రేఖ అక్కడ బల్లపరుపుగా ఉంటుంది, పదుల ఆంపియర్ అవర్లు పోయినా మీటరు అంకె పెద్దగా కదలదు. 3.0 దగ్గరైతే కొద్దిపాటి లీకేజీ కూడా దాగదు.

మిగతా మూడు సెల్స్ 2.5 కిందికి పోలేదు. వాటిని కూడా విడివిడిగా 3.0కి తెచ్చి పక్కన పెట్టుకుంటే పోల్చుకోవడానికి పనికొస్తాయి.

గోపాలపట్నం స్కూటర్:

మాస్టారూ, నా ఎలక్ట్రిక్ స్కూటర్ ప్యాక్ కూడా ఇలాగే దిగిపోయి ఉంది. ఈ పద్ధతి దానికీ పనికొస్తుందా?

పాలిటెక్నిక్ మాస్టారు:

వద్దు నాయనా. స్కూటర్ ప్యాక్‌లలో చాలా వాటిలో ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం సెల్స్ ఉంటాయి. వాటి పూర్తి ఛార్జ్ 4.2 వోల్టులు, హద్దులు వేరు, దెబ్బతిన్న సెల్ మండే వేగం వేరు. పైగా చిన్న సెల్స్ డజన్ల కొద్దీ వెల్డు చేసి ఉంటాయి కనుక ఒక్కోదాన్ని వేరు చేసి చూడడం ఇంట్లో జరిగే పని కాదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

భీమిలి బాటసారి:

మాస్టారు చెప్పినట్టే అన్నీ చేశాను. మూడో సెల్ 2.5 వరకు త్వరగానే ఎక్కింది, వేడెక్కలేదు, ఉబ్బలేదు. చూసి నాకు ఆశ కలిగింది. 3.0 దగ్గర తీగలు తీసేసి రాత్రంతా వదిలేస్తే ఉదయానికి 2.83. మిగతా మూడూ 2.97, 2.96, 2.97. ఇంకో రోజు ఆగి చూస్తే ఆ మూడింటిలో కదలిక లేదు, మూడోది మాత్రం 2.64. ఆ మర్నాటికి 2.41. దిగడం ఆగలేదు.

పాలిటెక్నిక్ మాస్టారు:

అయితే తీర్పు వచ్చేసింది. లోపల సన్నని దారి ఏర్పడింది, అది దానంతట అది మానదు. ఆ సెల్‌ను ఇంక ఛార్జ్ చేయవద్దు. మిగతా మూడూ బాగున్నాయి, వాటిని నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఉప్పుగాలి:

పరీక్ష చేసి వదిలేయడం చూసి నా మనసు కుదుటపడింది. అయితే ఆ సెల్‌ను షెడ్డులో చిన్న దీపానికైనా వాడుకుందామనే ఆలోచన పెట్టుకోకండి. రోడ్డు పక్క పాత ఇనుము కొనేవారికి తూకానికి కూడా వేయకండి, వాళ్లు రాగి కోసం సుత్తితో పగలగొడతారు. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది. మీ బ్యాటరీ బ్రాండ్ వారికి రాసి అడగండి. వారు తీసుకునేవరకు రెండు ధ్రువాలకూ టేపు వేసి, పొడి ఇసుకలో పెట్టి, ఇంటికి దూరంగా ఉంచండి.

ఆటోనగర్ వైరింగ్:

ఇప్పుడు కొత్త సెల్ సంగతి. అదే రసాయనం, అదే 200 ఆంపియర్ అవర్లు, అదే కొలతలు ఉన్న సెల్ ఒక్కటి తీసుకుంటే చాలు. కొత్తది కొంచెం ఎక్కువ సామర్థ్యం చూపినా నష్టం లేదు. వరుసలో ఉన్నప్పుడు అన్నిటికంటే తక్కువ ఉన్న సెల్ ఎంత ఇస్తే ప్యాక్ అంతే ఇస్తుంది. అయితే కొత్తదాన్ని పాత వాటి పక్కన నేరుగా బిగించేస్తే బీఎంఎస్ వాటిని సమం చేయడానికి ఏళ్లు తీసుకుంటుంది. దాని బ్యాలెన్సింగ్ కరెంటు 100 మిల్లీ ఆంపియర్లు ఉంటే గొప్ప. సెల్స్ మధ్య 10 ఆంపియర్ అవర్ల తేడా తీర్చడానికి నూరు గంటలు కావాలి, అది కూడా ఛార్జ్ నిండే చివరి నిమిషాల్లోనే పని చేస్తుంది.

అందుకని ముందుగా నాలుగింటినీ వరుసగా బిగించి, బీఎంఎస్ పెట్టి, మామూలు ఛార్జర్‌తో ఏదో ఒక సెల్ నిండి బోర్డు ఆపేవరకు ఛార్జ్ చేయండి. తర్వాత విప్పి, ధన ధ్రువాలన్నీ ఒకటిగా, రుణ ధ్రువాలన్నీ ఒకటిగా కలిపి, పవర్ సప్లైని తగిలించకముందే 3.65 వోల్టులకు అమర్చి, కరెంటు దాదాపు సున్నాకు వచ్చేవరకు వదిలేయండి. తీగల్లో కొంత వోల్టేజీ పోతుంది కనుక ఇది చాలా నెమ్మదిగా సాగుతుంది. త్వరగా కావాలని సప్లై అంకెను పెంచి సెల్స్ పాడుచేసుకున్న వారిని చూశాను. పెంచవద్దు.

తిరిగి బిగించేముందు బస్‌బార్లను, సెల్ ధ్రువాల పైభాగాన్ని సన్నని ఎమరీ కాగితంతో మెరిసేవరకు రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, వెంటనే టెర్మినల్ గ్రీజు పల్చగా పూయండి. నట్టును సెల్ తయారీదారు చెప్పిన టార్క్‌కే బిగించండి. అల్యూమినియం మరలు ఒక్కసారి జారితే సెల్ పోయినట్టే. సెన్స్ తీగల కనెక్టర్‌ను బోర్డులో గుచ్చేముందు ఒక్కో పిన్ను దగ్గర వోల్టేజీ వరుసగా పెరుగుతోందో లేదో మీటరుతో చూడండి.

సీతమ్మధార సోలార్:

గ్యాస్ అలారం తీగను ఏం చేయాలి? తీసేయడం కూడా మంచిది కాదు కదా.

ఆటోనగర్ వైరింగ్:

తీయనే కూడదు. దాన్ని మెయిన్ స్విచ్ తర్వాతకు మార్చాలి, వ్యాన్‌ను నిలిపే రోజున సిలిండర్‌ను విడదీసి బయట పెట్టాలి. మనుషులు లోపల ఉన్నప్పుడు మెయిన్ స్విచ్ ఎలాగూ వేసే ఉంటుంది కనుక అలారం పని చేస్తుంది. స్విచ్ ఆపిన తర్వాత బ్యాటరీ నుంచి బయటికి ఒక్క మిల్లీ ఆంపియర్ కూడా వెళ్లడం లేదని మీటరును వరుసలో పెట్టి నిర్ధారించుకోండి. సోలార్ కంట్రోలర్, ఇన్వర్టర్, స్టీరియో మెమరీ తీగ, ఇవన్నీ స్విచ్‌ను తప్పించుకుని వెళ్లే అవకాశం ఉన్నవే.

పాలిటెక్నిక్ మాస్టారు:

నిల్వ ఉంచేటప్పుడు పూర్తిగా నింపి పెట్టవద్దు, ఖాళీగానూ వద్దు. సగానికి కొంచెం పైన ఉంచండి. మన ఊరి వేసవిలో రేకుల షెడ్డు కింద నిండు ఛార్జ్‌తో పడి ఉంటే సెల్ ఆయుష్షు త్వరగా తరుగుతుంది. నెలకోసారి వెళ్లి చూడండి. విశ్రాంతిలో 13 వోల్టుల కంటే తక్కువ కనిపిస్తే ఛార్జ్ చేయండి. బీఎంఎస్‌లో సెట్టింగులు మార్చుకునే వీలుంటే కింది హద్దును 2.5 నుంచి 2.8కి పెంచండి. బయటికి ఇచ్చే ఛార్జ్ పెద్దగా తగ్గదు గానీ, దారి మూశాక బోర్డు తినడానికి అడుగున కొంత మిగులుతుంది.

భీమిలి బాటసారి:

కొత్త సెల్ వచ్చింది, 3.29 వోల్టులతో. మీరంతా చెప్పిన క్రమంలోనే ఛార్జ్ చేసి, సమం చేసి, బిగించాను. సెన్స్ తీగను మూడో సెల్ ధ్రువం మీదికే మార్చాను. అలారం ఇప్పుడు స్విచ్ తర్వాత ఉంది. స్విచ్ ఆపితే మీటరు సున్నా చూపిస్తోంది. పాత సెల్‌ను బ్రాండ్ వారు తీసుకుంటామన్నారు, అంతవరకు పెరట్లో ఇసుక డబ్బాలో ఉంది.

సామర్థ్యం చూద్దామని నాలుగు 55 వాట్ల హాలోజన్ బల్బులు కలిపి, దాదాపు 17 ఆంపియర్ల దగ్గర దించాను. బ్యాటరీలోకి, బయటికి వెళ్లే కరెంటును కొలిచే షంట్ మానిటర్ 176 ఆంపియర్ అవర్లు లెక్కపెట్టాక రెండో సెల్ 2.8కి చేరి బీఎంఎస్ ఆపింది. చివరి వరకు నాలుగు సెల్స్ మధ్య తేడా చాలా తక్కువగానే ఉంది. వెంటనే మళ్లీ ఛార్జ్‌కు పెట్టాను. మాస్టారికి, ఆటోనగర్ వారికి, ఉప్పుగాలి గారికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు.

పాలిటెక్నిక్ మాస్టారు:

వాడిన సెల్స్‌కు 176 మంచి అంకె. ఒక్క పని మిగిలింది. షంట్ మానిటర్‌లో మొత్తం సామర్థ్యం 200 అని ఉంటుంది, దాన్ని 176కు మార్చండి. లేకపోతే బ్యాటరీ ఖాళీ అయ్యే వేళకు కూడా అది ఇంకా 12 శాతం ఉందని చూపిస్తూనే ఉంటుంది.